గాజు గొట్టంలో గొంతు

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో పొద్దున్నే వర్క్‌షాప్ సైరన్ మోగేసరికి నూకాలమ్మ కుళాయి దగ్గర బిందె నింపుకుని లోపలికి వెళ్లిపోయేది. ఆమె తలుపు వేసుకున్నాకే పక్క క్వార్టర్‌లోంచి చిలకమ్మ బిందె పట్టుకుని బయటికి వచ్చేది. ఇద్దరూ అక్కచెల్లెళ్లు. రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడకి ఇవతల కూర్చుని నూకాలమ్మ, అవతల చిలకమ్మ కొడుకు గణపతి గబగబా అన్నం తినడం, చెప్పులు వెతుక్కోవడం, సైకిలు స్టాండు తీయడం వినేది. వాడి సైకిలు మలుపు తిరిగాకే పొయ్యి వెలిగించేది.

వాణ్ణి పెంచింది ఆమే. పురిట్లో జబ్బుపడి చిలకమ్మ మంచం దిగలేకపోతే, పిల్లల్లేని నూకాలమ్మే వాడికి నీళ్లు పోసింది, పాలు పట్టింది, నడక నేర్పింది. ఎనిమిదేళ్లొచ్చేదాకా రెండిళ్లూ వాడివే. ఎనభై మూడులో ఒక మధ్యాహ్నం, జ్వరం తగ్గీ తగ్గని వాడు నోరు చేదుగా ఉందంటే, రొయ్యల ఇగురు వండి ముద్దలు పెట్టింది. తింటూ ఉండగానే పెదాలు వాచాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఊపిరందక వాడు కళ్లు తేలేశాడు. ఆసుపత్రిలో సూదులేసి బతికించారు. గండం గడిచిందని తెలిశాక, వరండాలో అందరి ముందూ చిలకమ్మ అంది: "నీకు పిల్లల్నేరని నాకూ నేకుండా సేద్దామనుకున్నావేటి?"

అన్న మాటని వెనక్కి తీసుకోవడం ఎలాగో చిలకమ్మకి తెలియలేదు. నూకాలమ్మకి మాత్రం ఆ మాట నిజమేననిపించింది. తన చేతిలోనే ఏదో విషముందని నమ్మింది. మళ్లీ రొయ్యలు ముట్టలేదు. పండక్కి కూడా గణపతికి ఒక్క అరిసె ఇవ్వలేదు. వాడు పెద్దవాడై, మీసాలొచ్చి, వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేరాడు. "బాగున్నావా పెద్దమ్మా?" అని సైకిలు మీంచే అడిగేవాడు. ఆమె తలూపే లోపలే దాటిపోయేవాడు.

తొంభై ఆరు వేసవిలో వాడి పాదం మీద ఇనుప పలక జారిపడింది. ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు స్వర్ణకుమారి, సాయంత్రం ఆపరేషన్ చెయ్యాలనీ, చీము పట్టకుండా ముందే పెన్సిలిన్ సూది వెయ్యాలనీ చెప్పింది.

"పడనివేమైనా ఉన్నాయా ఇతనికి?"

"రొయ్యలమ్మా," అంది చిలకమ్మ. "సిన్నప్పుడు తిని సావు దాకా ఎల్లొచ్చినాడు."

"ఆ రోజు మాత్రలేమైనా వేశారా?"

చిలకమ్మ గుర్తు చేసుకుంది. "గొంతు నొప్పికి ఖరిదా బజార్లో డాక్టరు దాదా ఏదో మాత్రిచ్చినాడు. అన్నానికి ముందు ఏసినాను. అది మందు కదమ్మా!"

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "అది పెన్సిలినే అయ్యుండొచ్చు. ఒంట్లోకి ఎక్కించి చూడలేం. రక్తం బయటికి తీసి అడుగుదాం."

రక్త పరీక్షల గది రిచర్డ్‌ది. రోగి రక్తాన్ని గాజు గొట్టాల్లో పోసి, అనుమానమున్న మందో తిండో ఒక్కో చుక్క కలిపేవాడు. రక్తంలో ఎక్కడో ఒకటీ అరా ఉండే కణాలు, కడుపు నిండా సన్నటి గింజలున్నవి, తమకి పడనిది తగిలితే మేలుకుని ఆ గింజలన్నీ కక్కేస్తాయి. నీలం రంగు వేసి మైక్రోస్కోపులో వాటిని చూసేవాడు రిచర్డ్. గొట్టానికి స్టెతస్కోపు ఆనించి వినేవాడు కూడా. రక్తం మాట్లాడుతుంది కదా, ఆ వస్తువు ఏ వయసులో తనకి బాగా గుర్తుండిపోయిందో ఆ వయసు గొంతుతో. మా ఆయన రక్తం కోడిగుడ్డుని తిట్టిందనీ, మా అత్తది గోధుమపిండిని చూసి ఏడ్చిందనీ కుళాయి దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటూ ఉండేవారు.

"పెన్సిలిన్ నా దగ్గరుంది దీదీ," అన్నాడు రిచర్డ్ చిలకమ్మతో. "రెండిట్లో ఏదో తేల్చాలంటే ఆ రోజు తిన్న కూర కూడా కావాలి. ఏ నూనె, ఏ మసాలా పడిందో అలాగే ఉండాలి. వండిన మనిషి ఉన్నారా?"

పదమూడేళ్ల తర్వాత చిలకమ్మ అక్క గుమ్మంలో నిలబడింది.

"అప్పా, రొయ్యలొండాల."

సంగతంతా విని నూకాలమ్మ గోడకి ఆనుకుపోయింది. "నా సేత్తోనా? నానొండను. ఈసారి ఆడికేటైనా అయితే?"

"ఆడు తినడప్పా. ఆడి రగతం తింటాది."

వెనక మెట్టు మీద కూర్చుని చిలకమ్మ రొయ్యలు ఒలిచింది. నూకాలమ్మ ఆవనూనె కాచింది. "ఉప్పేసినావా?" అని ఒకరడిగితే "ఏసినాను" అని ఇంకొకరన్నారు.

కూర క్యారేజీతో ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. రిచర్డ్ మొదటి గొట్టంలో పెన్సిలిన్ చుక్క వేశాడు. రక్తం నురగలెత్తింది. స్టెతస్కోపు అక్కర్లేకుండానే గదంతా వినబడింది, ఎనిమిదేళ్ల పిల్లాడి గొంతు: "అమ్మా, ఊపిరాడ్నేదే! అమ్మా!"

చిలకమ్మ అక్క వైపు తిరిగింది. "ఆ మాత్ర నానే ఏసినాను," అంది. ఆ మాటే మళ్లీ మళ్లీ అంది.

కూరని ఉప్పునీళ్లలో నూరి, వడగట్టి, రిచర్డ్ రెండో గొట్టంలో వేశాడు. రక్తం కదల్లేదు. మైక్రోస్కోపులో చూస్తే ఏ కణమూ మేలుకోలేదు, గింజలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకసారి విందామని స్టెతస్కోపు ఆనించిన రిచర్డ్ దాన్ని తన చెవుల్లోంచి తీసి నూకాలమ్మ చెవులకి పెట్టాడు.

ఆమె విన్నది. కళ్లు మూసుకుని వింటూనే ఉంది.

"ఏటంటన్నాడప్పా?" అంది చిలకమ్మ.

"ఇంకో ముద్దెట్టమంటన్నాడే. ఇన్నేళ్లూ అడుగుతానే ఉన్నాడే సెల్లీ, నాకే ఇనబళ్లేదు."

పెన్సిలిన్ మానేసి వేరే మందు తెప్పించింది డాక్టరమ్మ. పొద్దు వాలే వేళకి ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, "ఎముక సరిగ్గా కూర్చుంది. ఊపిరి హాయిగా తీస్తున్నాడు. రేపటిదాకా నోటికేమీ పెట్టొద్దు," అని చెప్పి వెళ్లిపోయింది.

తలుపు అద్దంలోంచి నూకాలమ్మ వాణ్ణి చూసింది. మంచం పొడుగునా పరుచుకున్న మనిషి. గడ్డం గరుగ్గా ఉంది. ఆమె వెతికిన ముఖం అందులో ఒకసారి కనబడినట్టే కనబడి మాయమైంది. వచ్చి బెంచీ మీద కూర్చుంది. గొట్టానికి చిటికెడు పోగా మిగిలిన కూర క్యారేజీలో అలాగే ఉంది. కింది గిన్నెలో అన్నం కూడా ఉంది. ఎందుకు సర్దిందో ఆమెకే తెలీదు.

పొద్దుటినించీ ఏమీ తినని చిలకమ్మ వచ్చి, కాస్త ఎడంగా కూర్చుంది. చాలాసేపు క్యారేజీ వంకే చూసింది.

"అప్పా," అంది. "నాకెట్టవా?"

నూకాలమ్మ గిన్నె ఒళ్లోకి తీసుకుని, ముద్ద కలపడం మొదలుపెట్టింది.