ఐదు దసరాల శాపం

నాగరాణి నోరు మంచిది కాదని జహీరాబాద్‌లో ఆమె ఉండే గల్లీ మొత్తానికీ తెలుసు. మనసు మంచిదని కూడా తెలుసు గానీ, ఆ సంగతి తెలియడానికి కాస్త ఆలస్యం అవుతుంది. ఒక ప్రైవేటు బడి ఆఫీసులో ఆమె గుమాస్తా. హాజరు పట్టీలు, టీసీలు, కంప్యూటరు అన్నీ ఆమె చేతి కిందే. ఆ వేసవి సెలవుల్లో ప్రిన్సిపాల్ రుఖయ్యా మేడం ఆమెకు ఇంకో పని అప్పగించింది.

"బడి తెరిచేలోపల నాలుగు వ్యాన్లకు డ్రైవర్లను చూడాలె నాగరాణీ. ఒక్కొక్కరి పేరు కోర్టు వెబ్‌సైట్ల కొట్టి చూడు. తాగి నడిపిన కేసు ఉన్నోళ్లు నాకొద్దు. పిల్లల సంగతి, జర పైలం."

కోర్టు కేసులు ఎవరైనా చూసుకోవచ్చని నాగరాణికి అప్పటిదాకా తెలియదు. జిల్లా, ఊరి కోర్టు ఎంచుకుని, పేరూ సంవత్సరమూ కొట్టి, పక్కన వంకరటింకరగా కనబడే అక్షరాలను చూసి ఎక్కిస్తే చాలు. ఎవరి మీద ఏ కేసు ఉందో, అది ఎక్కడిదాకా వచ్చిందో తెర మీదికి వచ్చేస్తుంది. మరి ఊరి సంగతులన్నీ కావాలనుకునే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? రెండు పూటలు టీ కూడా మరిచిపోయి కూర్చుంది.

మొదట దొరికినవాడు రామ్‌కిషన్. రెండేళ్ల కింద తాగి బండి నడుపుతూ పట్టుబడ్డాడు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, జరిమానా కట్టాడు, కేసు ముగిసింది. కోహీర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"అయిపోయిన కేసు కదక్కా. అప్పటిసంది ముట్టలే," అన్నాడు.

"తాగేటోళ్లందరు గదే చెప్తరు. మా ఆయనను చూసి నేర్చుకో. ఐదేండ్లాయె, వాసన గూడ చూడలే!" అని నాగరాణి అతని దరఖాస్తు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసేసింది. రామ్‌కిషన్ ఆ గీత వైపు చూసి వెళ్లిపోయాడు.

మా ఆయన అన్నప్పుడు ఆమె గొంతులో గర్వం ఉంటుంది. మాణిక్ లారీ డ్రైవరు. బొంబాయి రోడ్డు మీద తిరిగి తిరిగి పది రోజులకోసారి ఇంటికి వస్తాడు. ఒకప్పుడు బాగానే తాగేవాడు. ఐదేళ్ల కింద, శివరాత్రి మరునాడు, చిరాగ్‌పల్లి దగ్గర స్నేహితుడింట్లో, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల ఫంక్షన్‌కు బండి మీద వెళ్లి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. బండిని ఎవడో ఎత్తుకుపోయాడన్నాడు. నాగరాణి తన జీతంలో కూడబెట్టి, మొగుడి పేరు మీద కొన్న ఎర్ర బండి అది. ఆమె వీధిలో నిలబడి దొంగను తిట్టిన తిట్లు పక్క గల్లీ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆ రోజు నుంచే మాణిక్ తాగుడు మానేశాడు. బండి పోతే పోయింది, పీడ విరగడైందని ఆమె అందరికీ చెప్పుకుంది.

దొంగను మాత్రం వదల్లేదు. ఏటా దసరాకు అందరూ బండ్లు కడిగి, దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు కదా. నాగరాణి ఆ రోజు రేకుల కింద బండి ఉండే ఖాళీ చోటు కడిగి, పసుపు చల్లి, నిమ్మకాయను మడమతో తొక్కేది.

"నా బండి అమ్ముకొని తాగినోనికి మందు విషం కాను! గుక్కెడు గూడ గొంతు దిగకపోను!"

ఐదు దసరాలు ఇదే శాపం. మాణిక్ పళ్లెం పట్టుకుని, తల వంచుకుని పక్కనే నిలబడేవాడు. బండి పోయిన బాధ మనిషిని ఎంత కుంగదీసిందో అని ఆమెకు జాలేసేది.

ఇప్పుడు ఆ నాలుగు వ్యాన్లలో ఒకదానికి మాణిక్ కూడా దరఖాస్తు పెట్టుకున్నాడు. వ్యాన్ దొరికితే లారీ మానేసి రోజూ సాయంత్రం ఇంట్లో ఉంటాడు. వాళ్ల కూతురు రమ్యకు ఏడేళ్లు. నాన్నను చూసిన రోజులకంటే ఫోన్లో విన్న రోజులే ఎక్కువ ఆ పిల్లకు. నాన్న నడిపే వ్యాన్‌లో ముందు సీటు నాదే అని అప్పుడే గల్లీలో పిల్లలందరికీ చెప్పేసింది.

అందరివీ చూసి మొగుడిది చూడకపోతే బాగుండదని నాగరాణి ఆ పేరు కూడా కొట్టింది. తెర మీద ఒక వరుస వచ్చింది. మాణిక్, తండ్రి శరణప్ప. చిరాగ్‌పల్లి పోలీస్ స్టేషన్. తాగి వాహనం నడిపిన నేరం. మార్చి, 2019. కేసు నడుస్తోంది, హాజరు కానందుకు వారెంటు.

ఇంకో మాణిక్ ఎవడో అనుకుంది. ఇంకో మాణిక్‌కు ఇంకో శరణప్ప తండ్రిగా ఉండి, ఆ మాణిక్ కూడా ఆ శివరాత్రి నెలలోనే చిరాగ్‌పల్లి దారిన వచ్చాడని ఎంతసేపు అనుకోగలదు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, కోర్టు వెబ్‌సైట్ పట్టేసింది.

మాణిక్ దరఖాస్తు మీద కోర్టు కేసు అన్న గడి ఖాళీగా ఉంది. లేదు అని రెండక్షరాలు రాస్తే అడిగేవాళ్లు లేరు, చూసేది ఆమె ఒక్కతే. కలం పట్టుకుంది. ఆ కాగితం కిందే రామ్‌కిషన్‌ది ఉంది, ఎర్ర గీతతో. కలం మూసి, కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

రెండు రోజుల తర్వాత పొద్దున మాణిక్ లారీ దిగి వచ్చాడు. నాగరాణి చెంబుతో నీళ్లు ఇచ్చింది, అతను ముఖం కడుక్కునేదాకా ఆగింది. ఆమె ఆగడం చూసే అతనికి సగం అర్థమైంది.

"బండి దొంగ దొరికిండు," అంది.

మాణిక్ గడప మీద కూలబడ్డాడు.

"ఆ దినం పోలీసోళ్లు ఆపి పైపుల ఊదమన్నరు. బండి పెట్టుకున్నరు. రేపు ఇంట్లోళ్లను తోలుకొని రా, కౌన్సిలింగ్ ఉంటది, తర్వాత కోర్టుకు రావాలె అన్నరు. నిన్ను తోలుకపోయి నలుగురి ముందర ఎట్ల నిలబెట్టాలె రాణీ? నీ బండి ఆడనే ఇడిచిపెడితే అదే శిక్ష, అయిపోతది అనుకున్న."

"అదే శిక్ష అని నీకు ఏ జడ్జి చెప్పిండయ్యా? ఐదు దసరాలు! ఖాళీ జాగకు పసుపు సల్లి, పిచ్చిదాని లెక్క నిమ్మకాయ తొక్కిన. పళ్లెం పట్టుకొని సూస్తుంటివి!"

"నన్నే తిడుతున్నవని నాకెర్కే కదనే. మొదటి దసరా అప్పుడు దోస్తులు గ్లాసల పోసిన్రు. నోటిదాక తెచ్చిన. నువ్వన్న మాట యాదికొచ్చింది. దిగలే. ఇగ ఎప్పుడు దిగలే."

నాగరాణికి ఏడుపొచ్చింది, కోపమూ పోలేదు. తాగినందుకు కాదు, ఆ సంగతి ఆమెకు పాతదే. నాతో చెప్పుకోలేనంత భయపెట్టానా ఇతన్ని అన్నదే ఆమెను గుచ్చింది. కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి దరఖాస్తు తీసి, ఆ ఖాళీ గడిలో ఉంది అని రాసింది. అతని ఎదురుగానే రాసింది.

మరునాడు రుఖయ్యా మేడం ముందు రెండు దరఖాస్తులూ పెట్టి, జరిగిందంతా చెప్పేసింది.

"కేసు ఉన్నోళ్లు వద్దన్న కదా. నీ మొగుడని మాట మార్చాల్నా?" అంది మేడం.

"మా ఆయన కోసం అడుగుతలేను మేడం. రామ్‌కిషన్ కోర్టుకు పోయిండు, ఒప్పుకున్నడు, జరిమానా కట్టిండు. అసొంటోని మీద నేను గీత గీసిన. దాక్కున్నోని గురించి గొప్పలు చెప్పుకుంట గీసిన. రామ్‌కిషన్‌ను పిలువుండ్రి."

రుఖయ్యా మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పిలువు. ఊదే మిషన్ ఒకటి తెప్పిస్త. రోజు పొద్దున నాలుగు వ్యాన్ల డ్రైవర్లు నా ముందర ఊదినంకనే తాళం చెవి. ఇగ మీ ఆయనను ముందు కోర్టుల ముగించుకొని రమ్మను. బడి తెరిచేదాక నాలుగో వ్యాన్ ఆయన కోసం ఆపుత, అంతకుమించి మాటియ్య," అంది.

రామ్‌కిషన్‌కు ఫోన్ చేసి తప్పయిందని చెప్పడం నాగరాణికి కోర్టుకు పోవడం కంటే కష్టమైంది. అయినా చెప్పింది.

సోమవారం ఇద్దరూ కోర్టుకు వెళ్లారు. పేరు పిలవగానే మాణిక్ చేతులు కట్టుకుని నిలబడి, తాగి నడిపిన మాట నిజమేనన్నాడు. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని జడ్జి గారు అడిగారు.

"ఇంట్లోళ్లను తోలుకొని రమ్మన్నరు సార్. ఈమెను తోలుకరానీకె భయమైంది."

లాయర్ల బల్లల దగ్గర నవ్వు వినిపించింది. జడ్జి గారు నవ్వలేదు గానీ వెనక బెంచీ మీది నాగరాణి వైపు ఒకసారి చూశారు. జరిమానా వేశారు. వారెంటు రద్దు చేసి, సాయంత్రం కోర్టు లేచేదాకా అక్కడే మూలన కూర్చోవడమే శిక్ష అన్నారు. మాణిక్ కూర్చున్నాడు. నాగరాణికి ఏ శిక్షా లేదు, కావాలంటే వెళ్లిపోవచ్చు. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు విప్పకుండా ఆమె కూడా సాయంత్రం దాకా అదే బెంచీ మీద కూర్చుంది.

వారం తర్వాత ఆఫీసులో మళ్లీ ఆ పేరు కొట్టి చూసింది. కేసు ముగిసింది అని ఉంది. ఆ పేజీని అచ్చు తీసి దరఖాస్తుకు కుట్టింది. బడి తెరిచిన రోజున రామ్‌కిషన్ మొదట ఊదాడు, మాణిక్ చివరన ఊదాడు. రమ్య ముందు సీటులో కూర్చుంది.

స్టేషన్‌లోని ఎర్ర బండిని విడిపించుకుని వచ్చేసరికి దసరా దగ్గరపడింది. టైర్లు మట్టి పట్టి, సీటు చిరిగి, గుర్తు పట్టేటట్టు లేదు. దాన్ని రేకుల కింద పాత చోటులోనే నిలబెట్టారు. పండుగ పొద్దున నాగరాణి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. మాణిక్ అలవాటు కొద్దీ పళ్లెం పట్టుకుని, తల వంచుకుని శాపం కోసం నిలబడ్డాడు.

ఆమె నిమ్మకాయ తీసుకుని చక్రం కింద పెట్టి, లేచి కొంగు దులుపుకుంది.

"ఈసారి తిట్టవా?" అన్నాడు మాణిక్.

"ఇగ ఎవర్ని తిట్టాలె? దొంగ ఇంటికొచ్చిండు కదా," అంది నాగరాణి. అతని చేతిలోంచి పళ్లెం తీసుకుని, మొదటి బొట్టు అతని నుదుటనే పెట్టింది.