ఐస్ మీద సెక్షన్ మార్పు

ఆ శనివారం పొద్దున న్యూజెర్సీలోని పార్సిప్పనీ మీద ఆకాశం బూడిద పూసిన గిన్నె బోర్లించినట్టుంది. మంచు పడేలాగా లేదు, వాన కురిసేలాగా లేదు. మనసులో ఏదో పెట్టుకుని పైకి చెప్పని మనిషిలా, చెట్ల కొసల దాకా దిగి కూర్చుంది. మార్చి సగమైనా పార్కింగ్ లాట్ అంచున నల్లబడిన మంచుకుప్పలు ఇంకా కరగలేదు. జగన్మోహన్ బాల్కనీలో నిలబడి ఫోన్ చూశాడు. ఎండ కాస్తుందని చెబుతోంది ఫోన్. అతనికి ఫోన్ మీదా నమ్మకం కలగలేదు, ఆకాశం మీదా కలగలేదు.

అసలు గురువారం సాయంత్రం నుంచే అతనికి దేనిమీదా నమ్మకం లేదు.

కూతురు అదితికి పదమూడేళ్ళు. చిన్నప్పటి నుంచి ఐస్ మీద స్కేటింగ్ నేర్చుకుంటోంది. కోచ్ పేరు లరీసా. రష్యా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నడివయసు మనిషి, మొహంలో నవ్వు కనపడదు. అలాంటిది గురువారం నవ్వింది. నవ్వుతూనే, "అదితిని జంప్స్ మానిపించి ఐస్ డాన్స్‌కి మారుద్దాం" అంది. డాన్స్ అంటే గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగేది కాదు, ఒక అబ్బాయి చెయ్యి పట్టుకుని పాటకి అడుగులు కలిపేది. "శనివారం పదింటికి కనెక్టికట్ నుంచి ఒక అబ్బాయి వస్తున్నాడు. ఇద్దరికీ జత కుదురుతుందేమో చూస్తాను. అక్కడైతే మీ అమ్మాయి ఇంకా బాగా వెలుగుతుంది."

జగన్మోహన్ సరేనని తలూపాడు గాని, ఆ చివరి మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ మాట అతను గుంటూరులో విన్నాడు. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్ కాలేజీలో ఒక పరీక్ష కాగానే ప్రిన్సిపాల్ భుజం మీద చెయ్యేసి, "నువ్వు సి సెక్షన్‌లో అయితే ఇంకా షైన్ అవుతావురా, అక్కడ లెక్చరర్లు నీ మీద శ్రద్ధ పెడతారు" అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె మోసుకుని వెనక బ్లాకుకి పోవలసి వచ్చింది. అక్కడ ఫ్యాన్ తిరగదు, లెక్చరర్ తనకి తోచినప్పుడు వస్తాడు. మంచి ర్యాంకుల పిల్లలంతా ముందు బ్లాకులోనే ఉండిపోయారు. అప్పటినుంచీ ఎవరైనా నవ్వుతూ మంచి చోటు చూపిస్తే, అతని కళ్ళు ముందు ఆ చోటు వెనక ఏముందో వెతుకుతాయి.

భార్య శశికళ కాఫీ తెచ్చి ఇచ్చి పక్కనే నిలబడింది.

"ఇంకా అదే ఆలోచనా? పోయిన నెల ఒలింపిక్స్‌లో మనవాళ్ళకి గోల్డ్ వచ్చింది డాన్స్‌లోనే కదండీ. ఆడపిల్లల సింగిల్స్‌లో గుండు సున్నా."

"మనవాళ్ళంటే ఎవరు?"

"అమెరికావాళ్ళే."

"గ్రీన్ కార్డ్ రాకముందే మనవాళ్ళైపోయారా!" అన్నాడు. "నువ్వే చూడు. సింగిల్స్ అమ్మాయిల్లో రష్యా. అమ్మాయిల్ని తల మీదికి ఎత్తే జంటల్లోనూ రష్యానే. మగపిల్లల్లో జపాన్, తర్వాత కెనడా. అమెరికాకి మిగిలింది డాన్స్. లరీసాది ఏ దేశం? తమ దేశం విద్యంతా తన దగ్గరే నేర్చుకునే ఆ కాత్యాకి దాచిపెట్టి, మన పిల్లని పక్కకి తోస్తోంది."

"కాత్యా పుట్టింది న్యూజెర్సీలోనండీ."

"పేరు అక్కడిది కాదూ?"

"మరి మన పేర్లు ఎక్కడివి?" అంటూ శశికళ ఖాళీ కప్పు తీసుకుని లోపలికి పోయింది.

ఆడవాళ్ళకి ఈ గూడుపుఠాణీలు తెలియవనుకున్నాడు. అతని అనుమానానికి సాక్ష్యం నిన్ననే దొరికింది. సుజిన్ అనే పిల్ల తల్లి మిసెస్ చోయ్, కొరియా ఆవిడ, స్కేటింగ్ రింక్ అద్దం దగ్గర పక్కన కూర్చుని తన గోడు వెళ్ళబోసుకుంది. "ఒలింపిక్స్‌లో గోల్డ్ మా కొరియా అమ్మాయిదే మిస్టర్ జగన్, రష్యా పిల్లకి ఇచ్చేశారు. ఏ జడ్జి ఎన్ని మార్కులు వేశాడో బయటికి చెప్పరు. పేర్లు దాస్తారు. దాచేవాళ్ళని ఎలా నమ్మాలి? రేపు మా సుజిన్‌ని కూడా డాన్స్‌కి పొమ్మంటారేమో. నేనైతే ఒప్పుకోను." నిన్నటి ఆ మాటతో అతని మనసు గట్టిపడింది. సాయంత్రమే వేరే ఊళ్ళో వేరే కోచ్‌తో లెసన్ బుక్ చేశాడు. అదీ శనివారం పదింటికే.

కారెక్కాక అదితితో, "లరీసా మెసేజ్ పెట్టింది. ఆ అబ్బాయి రావట్లేదంట. ఇవాళ ఇంకో కోచ్‌కి నీ జంప్స్ చూపిద్దాం" అన్నాడు.

అదితి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసింది. "లరీసా టెక్స్ట్ చేసిందా? ఆవిడ టెక్స్ట్ చేయదు కదా, డాడీ."

"ఇవాళ చేసింది."

ఆ పిల్ల అతని మొహంలోకి కాసేపు చూసి కిటికీ వైపు తిరిగింది. తన జేబులో ఎవరో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టనిపించింది జగన్మోహన్‌కి. రేడియో పెంచాడు.

కొత్త కోచ్ డేవ్ అనే ముసలాయన. అదితి ఎగిరి, పడింది. లేచి మళ్ళీ ఎగిరి, మళ్ళీ పడింది. ముసలాయన చేతులు కట్టుకుని చూసి, "ఈ మధ్య పిల్ల బాగా పొడుగైందా?" అని అడిగాడు.

"అయింది."

"గాల్లో తిరగడానికి ఆ కాళ్ళు అడ్డొస్తున్నాయి. కాని కింద జారేటప్పుడు ఆ మలుపులు చూడండి. ఐస్ మీద చప్పుడే లేదు. డాన్స్‌లో ఎందుకు పెట్టలేదు?"

జగన్మోహన్ కళ్ళు చిన్నవి చేశాడు. "లరీసా మీకు ఫోన్ చేసిందా?"

"లరీసా ఎవరు?"

"ఏం లేదు. డాన్స్ అంటే రెండో రకం పిల్లలకి కదా?"

ముసలాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏమీ కనపడలేదు. "ఈ దేశంలో ఇప్పుడు మొదటి రకం అదేనండీ! చిక్కల్లా ఒక్కటే, మగపిల్లలు దొరకరు. ఒక అబ్బాయి వస్తున్నాడని తెలిస్తే ఆడపిల్లల తల్లులు పక్క రాష్ట్రం నుంచి కూడా పరిగెత్తుకొస్తారు. ఎవడైనా దొరికితే మాత్రం వదలకండి."

జేబులో ఫోన్ అదిరింది. తీసి చూస్తే లరీసా. అంతకు ముందు కూడా చాలాసార్లు చేసింది. తెర మీది పేరు పక్కనే నిలబడ్డ అదితికీ కనపడింది.

లరీసా రింక్‌కి పోయే దారంతా జగన్మోహన్ కారు తోలిన తీరుకి ఇద్దరు ముగ్గురు హారన్ కొట్టారు. అదితి ఒక్కసారే అడిగింది. "ఆ అబ్బాయి వచ్చాడా, డాడీ?" అతను ముందున్న కారుని దాటించాడు.

రింక్ తలుపు తోసేసరికి ఐస్ మీద బక్కపల్చని తెల్ల కుర్రాడు ఒకడు వెనక్కి జారుతున్నాడు. అతని చేతుల్లో సుజిన్ చేతులున్నాయి. అద్దం దగ్గర మిసెస్ చోయ్ జగన్మోహన్‌ని చూడగానే కాఫీ కప్పులోకి చూపు దించుకుంది.

"ఒప్పుకోనన్నారుగా?"

"కోచ్ ఫోన్ చేసింది. వెంటనే రాగలరా అంది. మా ఇల్లు దగ్గర." ఆవిడ తల ఎత్తలేదు.

నిన్న అన్నదంతా కావాలనే అందా? ఆ మొహంలో మతలబు కోసం వెతికాడు. దొరికినా ఇప్పుడు చేసేదేముంది? ఆవిడ తన పిల్లని తీసుకొచ్చింది. తను తీసుకురాలేదు.

లరీసా స్కేట్స్ మీదే అంచు దాకా వచ్చింది. "ఫోన్ చేసి చేసి అలిసిపోయాను. అంత దూరం నుంచి వచ్చిన పిల్లాడిని ఊరికే ఎలా పంపను? వాళ్ళ నాన్నకి సుజిన్ నచ్చింది. మాట అయిపోయింది."

"ఇంకో అబ్బాయిని చూడలేరా?"

లరీసా రింక్ అంతా చూపిస్తూ చెయ్యి తిప్పింది. జడలు, పిలకలు, గులాబీ రంగు చేతితొడుగులు. అంతా ఆడపిల్లలే. తర్వాత అదితి వైపు తిరిగి, "డాన్స్ కావాలని నువ్వే కదా నా వెంట పడ్డావు? ఎందుకు రాలేదు?" అంది.

అదితి స్కేట్స్ సంచీని గుండెలకి హత్తుకుంది. లరీసాకి జవాబు చెప్పకుండా తండ్రితో తెలుగులో అంది. "నేనే అడిగాను, డాడీ. క్రిస్మస్ నుంచి అడుగుతున్నా. నేను చెప్తే మీరు నో అంటారు, అందుకే ఆవిడని చెప్పమన్నాను."

అతను సంచీ అందుకోబోతే అదితి ఇవ్వలేదు.

"ఆవిడ టెక్స్ట్ చేయలేదు కదా?"

"లేదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి శశికళ వడ్డించి ఉంచింది. వేడి అన్నం, బీరకాయ పప్పు, చారు. "కుదిరిందా?" అంటూ వంటింట్లోంచి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, చేతిలో ఉన్న పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి కూర్చుంది. ముగ్గురూ తలలు వంచుకుని కలుపుకున్నారు. అదితి తిండి మానలేదు, అలగలేదు, పెట్టిందంతా మెల్లగా తింది. పెరుగు తను వేసుకుని గిన్నె తల్లి ముందుకి జరిపింది. శశికళ వేసుకుని అక్కడే ఉంచింది. జగన్మోహన్ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది గిన్నె. అతను చెయ్యి చాచలేదు. కంచంలో మిగిలిన నాలుగు మెతుకులూ చారుతోనే తిన్నాడు.