ఫ్యాన్లు ఆపేసిన వీధి

కొత్త బట్ట వాసన.

గంజి, రంగు, అప్పుడే కోసిన కట్టల దుమ్ము... వీధి పొడవునా అదే వాసన. ఎండ ఎక్కే కొద్దీ చిక్కబడుతుంది. ఆకు కదలని పూట గొంతులోకి దిగి కూర్చుంటుంది.

ఆ రోజు ఆకు కదలడం లేదు.

ఆమె తన కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. గుండీలు, జిప్పులు, దారపు ఉండలు. బట్టల వీధిలో అన్నిటికంటే చిన్న కొట్టు. వీధికి ఆమె గుండీలక్క.

ఎదురుగా సాయంత్రం సభకి వేదిక కడుతున్నారు. వెనక వేలాడే గుడ్డ మీద చెయ్యంత అక్షరాలు — మహమ్మారికి లొంగని మన వీధి.

లొంగలేదట.

ఆమె ఆ మాటను, నాసిరకం గుండీని తిప్పి చూసినట్టు చూసింది.

లొంగలేదు, నిజమే. నక్కింది.

కొట్లు తీయకూడదన్న ఆ రోజుల్లో వీధి ఒక తెలివి కనిపెట్టింది. షట్టరు దించి ఉంటుంది. బయట స్టూలు మీద ఒక పనివాడు. తెలిసిన బేరం వస్తే వేలితో తడతాడు. షట్టరు మోకాలెత్తు లేస్తుంది. బేరం వంగి దూరుతుంది. షట్టరు పడుతుంది.

లోపల దీపాలు. లోపల జనం.

ఫ్యాన్లు మాత్రం తిరగవు. పాత ఫ్యాన్లు, కిర్రుమంటాయి. ఆ కిర్రు బయటికి వినిపిస్తే పట్టుబడతామని, వీధిలోకెల్లా పెద్ద కొట్టున్న షావుకారు ఆపించాడు. వీధంతా ఆయన్ని చూసి ఆపింది.

గాలి అమ్ముడుపోయే సరుకు కాదు కదా.

ఆ షావుకారు కొట్లోనే ఆమె తమ్ముడు రోజంతా తానులు విప్పి పరిచాడు. మాస్కులోంచి మాట సరిగ్గా వినపడటం లేదన్నారు. తీసేశాడు. విప్పాడు, పరిచాడు, చుట్టాడు... విప్పాడు.

తర్వాత ఆసుపత్రిలో గాలి కోసం వెతుక్కున్నాడు.

ఆ పైన ఆమె ఎవరికీ చెప్పదు.

ఆమె కొట్టు ఒక్కటే అప్పుడు నిజంగా మూసి ఉంది. "గుండీలుంటే చాలా అక్కా, గుండె ఉండొద్దూ?" అని వీధి నవ్వింది. వీధికి ఎప్పుడూ నవ్వు తక్కువ కాలేదు.

షావుకారు వచ్చాడు. తెల్ల చొక్కా, నలగని నవ్వు.

"ఏమ్మా గుండీలక్కా, సాయంత్రం నువ్వే ముఖ్యం. మీ తమ్ముడి గురించి రెండు ముక్కలు మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలి షావుకారుగారూ?"

"ఏముందమ్మా... వద్దన్నా వినకుండా తనే వచ్చేవాడని. పనంటే ప్రాణమని. నువ్వు ఆపగానే వీధి మొత్తం ఒక్కసారి షట్టర్లు లేపుతాం. ఒళ్ళు పులకరించాలి!"

ఆయన ఒళ్ళు చాలా తేలిగ్గా పులకరిస్తుంది.

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మీ మరదలు మా కొట్లో బాగానే కుదురుకుంది. ఆ పిల్లని చివరిదాకా నేనే చూసుకుందామనుకుంటున్నా. మధ్యలో ఏదీ తేడా రాకూడదు, అంతే."

బెదిరింపుని కూడా ఇస్త్రీ చేసి మడత పెట్టి ఇస్తాడు.

మధ్యాహ్నం మరదలు అన్నం డబ్బాతో వచ్చింది. తమ్ముడు నిలబడిన చోటే ఇప్పుడు ఆమె నిలబడుతుంది. అవే తానులు విప్పుతుంది.

"చెప్పెయ్యి వదినా. నోటి మాటేగా."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నా వల్ల కాదు. నవ్వొస్తుంది."

నవ్వలేదు. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"జ్వరంగా ఉందని ఆ రోజు పడుకున్నారు వదినా. షావుకారే ఫోను చేశాడు. రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు. నేను పక్కనే ఉన్నా."

"తెలుసే."

"తెలిసీ చెప్పమంటున్నా. పిల్లాడు ఇంకా బడికి పోతున్నాడు."

చెట్టు మీద కాకి కూడా నోరు తెరుచుకుని ఊరికే కూర్చుంది. గాలి లేదు.

సాయంత్రమైంది. వేదిక మీద ఒక్కొక్కరే లేచారు.

తువ్వాళ్ళ కొట్టాయన తాము సైనికులమన్నాడు. పరదాల కొట్టాయన తాను ఒక్క రోజు కూడా భయపడలేదన్నాడు. భయపడే పనేముంది? ఆ నెలలన్నీ ఊరి బయట తోటలో ఉన్నాడు. ఇక్కడ షట్టరు కింద దూరింది పనివాళ్ళు.

బరువులు మోయించినట్టే — ధైర్యం కూడా పనివాళ్ళ చేతే చేయించారు.

ఇప్పుడూ వాళ్ళే. ప్రతి కొట్టు ముందూ ఒకడు వంగి, షట్టరు పిడి పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

ఆమె చేతికి మైకు ఇచ్చారు.

"మా తమ్ముడు..."

ఆగింది.

వీధి చివర ఎవడో ఆ మౌనాన్ని ముగింపు అనుకున్నాడు. ఒక షట్టరు లేచింది. దాన్ని చూసి పక్కది. ఆ పక్కది. వీధంతా ఇనుప ఉరుము —

ఆ ఉరుములోనే ఆమె చెప్పింది.

"తనంతట తాను రాలేదు. జ్వరంతో పడుకుంటే షావుకారు ఫోను చేసి రప్పించాడు. ఫ్యాన్లు ఆపించాడు."

చప్పట్లు. ఈలలు. షావుకారు చేతిరుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎంత బాగా చెప్పావమ్మా!"

ఒక్క ముక్క వినపడలేదు. అయినా ఏడ్చాడు. ఆ ఏడుపు ముందే కుట్టించుకున్న చొక్కా లాంటిది. ఎవరు ఏం చెప్పినా సరిపోతుంది.

ఉరుము తగ్గింది. ఇక్కడితో ఆగిపోవచ్చు. మాట బయటపడింది, ఎవరికీ తగల్లేదు. మరదలి పని ఉంటుంది. పిల్లాడి బడి ఉంటుంది.

ముందు వరసలో మరదలు ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఇందాకటి నుంచీ ఆమె పెదాలనే చూస్తోంది. ఇప్పుడు మెల్లగా తల ఊపింది.

వద్దనో... కానివ్వమనో.

షావుకారు మైకు కోసం చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు.

తెరుచుకున్న కొట్లన్నిటి నోళ్ళలోంచీ లోపలి వేడి నెమ్మదిగా వీధిలోకి వస్తోంది. ఆమె మైకును నోటి దగ్గరికి తెచ్చుకుని, గుండె నిండా ఊపిరి తీసుకుంది.

కొత్త బట్ట వాసన...