పారబోసిన పచ్చసొన

తొడ మీది పుండు కోయించుకుని కట్టుతో పడుకున్న మనిషిని చూడగానే ఆసుపత్రి డైటీషియన్‌కి ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళుగానో ఆమె పళ్ళు నూరుతున్నది ఇతని మీదే. పరుగు పందేల కోచ్. ఆమె చెల్లెలి కాలు విరగడానికి కారణం.

మైదానంలో అతనిదో పద్ధతి. పొద్దున్నే ఆడపిల్లలంతా ఉడికించిన గుడ్లు ఒలిచి, అతని కళ్ళ ముందే పచ్చసొన బకెట్‌లో పడేయాలి. కొవ్వంటే శత్రువట. చెల్లెలికి అది వేదవాక్కు. ఇంట్లో నూనె చుక్క తగిలిన కూర కూడా ముట్టేది కాదు. మొదట నెలసరి ఆగింది. తర్వాత జుట్టు ఊడింది. చివరికి పందెం మధ్యలో కాలి ఎముక విరిగింది. “దాని ఎముకలో పస లేదు” అని కోచ్ చేతులు దులుపుకున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఇప్పుడు అతని భోజనం ఆమె చేతిలో ఉంది. మొదటిరోజు ఉత్త తెల్లసొన, నూనె లేని ఉడకబెట్టిన కూరలు పంపింది. పుండు మానకుండా కుళ్ళాలని మనసారా కోరుకుంది. తీరా గిన్నెలు తీయడానికి వెళితే అతను మురిసిపోతున్నాడు.

“పథ్యమంటే మీకు తెలుసండీ. కొవ్వన్నదే లేదు.”

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అన్నట్టయింది. ఆమెకు తల కొట్టేసినట్టనిపించింది. పగ తీర్చుకోబోయి, తనూ ఆ బకెట్టే పట్టుకుని నిలబడింది.

మర్నాడు సర్జన్ కట్టు విప్పి చూసి, కొత్త కండ పట్టకపోతే మళ్ళీ కోయాల్సిందేనన్నాడు. ఆ సాయంత్రం కోచ్ శిష్యురాళ్ళు చూడ్డానికి వచ్చారు. అందరివీ పుల్లల్లాంటి చేతులు. సరిగ్గా వాళ్ళు మంచం చుట్టూ చేరాకే ఆమె పళ్ళెం తెచ్చింది. అందులో నిండు గుడ్లు, వెన్న రాసిన రొట్టె.

“పచ్చసొన తీసేయండి” అన్నాడతను.

“తీస్తే పుండు మానదు సార్. కండ కట్టేది ప్రోటీనే. కానీ ప్రతి కణానికీ చుట్టూ గోడ కొవ్వుతోనే. గోడ లేకుండా ఇల్లు లేస్తుందా? ఆడపిల్లలకు నెలసరి నడిపించే హార్మోన్లు కూడా కొవ్వులోంచే పుడతాయి. అవి తగ్గితే ఎముక గుల్లవుతుంది.”

“పిల్లల్ని బయటికి పంపండి.”

“ఉండనివ్వండి. వాళ్ళకే ఎక్కువ అవసరం.”

అతను పుండు వంక చూసుకున్నాడు. గుడ్డు నోట్లో పెట్టుకుని, విషం మింగినట్టు మింగాడు. పిల్లలు గుడ్లప్పగించి చూశారు.

“సార్, అయితే మేమూ తినొచ్చా?” అంది ఒకమ్మాయి.

అతను గోడ వైపు తిరిగాడు. ఏదో గొణిగాడు.

“వాళ్ళకి వినపడలేదు సార్” అంది డైటీషియన్.

“తినాలి. నేను చెప్పింది తప్పు.”

ఆ అమ్మాయి తలవంచుకుని ఏడవసాగింది. డైటీషియన్‌కి జాలి వేసింది, ఆ పిల్ల మీద. అతని మీద ఇసుమంత కూడా లేదు. ఇంకో గుడ్డు అతని ముందుకు జరిపింది.

“ఇక చాలమ్మా, కడుపు నిండింది.”

“ఇది కూడా తినండి సార్. మీ బకెట్‌లో మా చెల్లెలు పారబోసింది ఇదే.”

అతను తలెత్తి, మొదటిసారి ఆమె ముఖం సరిగ్గా చూశాడు. ఆ పోలిక గుర్తుపట్టాడు. గుడ్డు అందుకున్నాడు.