సాగు చేసేది ఎవరు?

ఆ ఏడు మొదట్లో విత్తనాల షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: ఒక కొట్టు, దాని వెనకే ఇల్లు, రెండున్నర ఎకరాల రాళ్ళ చేను, ఆ చేను కౌలుకు చేస్తున్న బావమరిది, ఆ బావమరిదికి అక్క అయిన భార్య. చేను ఎవరో బాకీ కింద రాసిచ్చిపోయింది. బావమరిది ఆరేళ్ళు రాళ్ళు ఏరి దాన్ని వేరుశనగ పండే నేల చేశాడు. రాళ్ళు తగ్గినకొద్దీ షావుకారు కౌలు పెంచుతూ వచ్చాడు.

అంతలో ప్రభుత్వం సాగు చేసేవాళ్ళకు ఎకరానికి ఆరు వేల సాయం ప్రకటించింది. దరఖాస్తులో 'సాగు చేసేది ఎవరు?' అన్న గడిలో షావుకారు తొణక్కుండా బెణక్కుండా తన పేరు రాసుకున్నాడు.

సంగతి తెలిసి బావమరిది కొట్టుకొచ్చాడు.

"బావా, ఆ పదిహేను వేలు నాకొస్తే మోటారు బాగుచేయించుకుంటా. కాలిపోయి పది రోజులైంది. ఈ నెల దాటితే పైరు దక్కదు."

"పట్టా ఎవరిదిరా?"

"నీదే. విరిగిన నడుమెవరిది?"

"నడుముకి దరఖాస్తులో గడి లేదు."

ఇంట్లోంచి భార్య అందుకుంది. "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ చేలో మీరు కాలుపెట్టింది రాయించుకున్న రోజు. అదీ చెప్పులు విప్పకుండా."

వారం తిరక్కుండా వ్యవసాయాధికారి విచారణకు వచ్చాడు. షావుకారు టీ, బిస్కట్లు తెప్పించాడు.

"సాగు మీదేనని రుజువు కావాలండీ. విత్తనాలు కొన్న బిల్లు చాలు" అన్నాడు అధికారి.

షావుకారు నెత్తిన పాలు పోసినట్టయింది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, బావమరిదికైనా బిల్లు లేకుండా గింజ ఇవ్వడు. పైగా మొలకెత్తలేదని ఎవరూ గొడవకు రాకుండా, ఏ సర్వే నంబరులో ఎవరు విత్తుతున్నారో ప్రతి బిల్లు మీదా రాసి సంతకం పెట్టించుకోవడం అతని పద్ధతి. ఆ జాగ్రత్తను మెచ్చుకునే నాథుడు ఇరవై ఏళ్ళుగా దొరకలేదు. ఆ ఉత్సాహంలో వెనకాముందూ చూడకుండా ఆరేళ్ళ పుస్తకాలూ బల్ల మీద పేర్చాడు.

అధికారి పేజీలు తిప్పాడు.

"ఇంత పద్ధతిగా రాసేవాళ్ళను నేను చూడలేదండీ. ఆరేళ్ళూ అదే నంబరు, అదే సంతకం. ఎవరీయన?"

"మా బావమరిది సార్. ఏదో నాకు సాయంగా..."

"సాయమా? 'ఈ చేను సాగుతో కొట్టు యజమానికి ఏ సంబంధమూ లేదు' అని ప్రతి బిల్లు కిందా మీరే రాశారే."

అది గొడవ తన మీదికి రాకుండా షావుకారు తానే రాసుకున్న రక్షణ వాక్యం. అధికారి దరఖాస్తు తీసి, ఆ గడిలో షావుకారు పేరు కొట్టేసి బావమరిది పేరు రాశాడు. సాక్షిగా షావుకారు చేతే సంతకం పెట్టించాడు.

రెండు వారాలకు డబ్బు బావమరిది ఖాతాలో పడింది. మోటారు తిరిగింది, పైరు తేరుకుంది. కౌలు ఇంకో రెండు వేలు పెంచుదామని షావుకారు నోరు తెరవబోతే, భార్య అన్నం గిన్నె మీద మూత పెట్టి అతని ముఖంలోకి చూసింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మొత్తం మీద ఆ పదిహేను వేలలో షావుకారు కొట్టుకు చేరింది, బావమరిది కొన్న పురుగుమందు డబ్బా మీద లాభం, నూట ఎనభై. అందులో అధికారి టీ, బిస్కట్లకు ముప్పై పోగా నికరంగా మిగిలింది నూట యాభై.