గడప మీది చుక్కలు

నేను ఒక తూకం గుండును. గోడ నిలువుగా లేస్తున్నదో లేదో చూసుకోవడానికి తాపీమేస్త్రి దారానికి కట్టి వేలాడదీసే ఇత్తడి గుండును. పైన గుండ్రన, కింద సూదిమొన. చూడటానికి బొంగరంలా ఉంటాను గాని తిరగడం నా పని కాదు, నిలవడం నా పని. అలాంటి నన్ను తీసుకుపోయి, తిరగకపోతే బతకలేని ఊళ్లో పెట్టారు. మనుషుల తమాషాలు ఇలాగే ఉంటాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు మీద నన్ను చెక్కారు. చిల్లులు పడిన బిందెలూ పాత పంపుల తలకాయలూ కరిగించిన ఇత్తడి నాది. నన్ను కొన్నవాడు తెనాలి తాపీమేస్త్రి యాకోబు. గోడ వంకర వస్తే ఆయన కూలివాళ్లను తిట్టేవాడు కాదు. నన్ను దించి, వంకర కనిపించేదాకా నిలబెట్టి, మాట్లాడకుండా ఊరుకునేవాడు. దానికన్న నాలుగు తిట్లే నయమని వాళ్లు గొణుక్కునేవారు. ఆయన నోట తరచుగా వచ్చే మాట ఒక్కటే: "గుండు ఎటు వాలితే నీళ్లు అటే."

ఆ రోజుల్లోనే ఆకాశంలో కంకణం అనే ఊరు కట్టడానికి పనివాళ్లు కావాలని కబురు వచ్చింది. పేరుకు తగ్గట్టు అది చేతిగాజులాంటి చక్రం. వడిసెల తిప్పితే రాయి దాని తోలును అంటిపెట్టుకున్నట్టు, చక్రం తిరుగుతున్నంతసేపూ మనుషులూ మట్టీ నీళ్లూ దాని లోపలి అంచుకు అంటిపెట్టుకుని ఉంటాయి. పనికి పిలవడానికి వచ్చినవాళ్లు ఒక రంగుల బొమ్మ తెచ్చారు. పచ్చని గుట్ట, సెలయేరు, గొడుగులు వేసుకుని షికారు చేస్తున్న జనం. యాకోబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గడ్డి కోసేవాళ్లు కనపడరేందండీ?" అని అడిగాడు. "బొమ్మలో చోటు చాలలేదు మేస్త్రీ" అన్నారు వాళ్లు. మనిషి స్వర్గాన్ని ఊహించుకున్న ప్రతిసారీ పనివాళ్ల దగ్గరికి వచ్చేసరికే చోటు చాలదు. అయినా ఆయన వెళ్లాడు. భార్య పోయాక మిగిలిన ఒక్కగానొక్క కూతురు సలోమిని వెంటబెట్టుకుని, నన్ను మొలలో దోపుకుని వెళ్లాడు.

కంకణంలో ఇంజనీర్లు వెలుగు కిరణాలతో కొలతలు తీసేవారు. నన్ను చూసి నవ్వారు. "మేస్త్రిగారూ, ఇక్కడ కింద అనేదే ఒక ఏర్పాటు. మీ గుండు ఏం చూపిస్తుంది?" యాకోబు ఒక ద్వారబంధం పైకమ్మి నుంచి నన్ను దించాడు. తిరిగే ఊరు కనుక దిగేటప్పుడు నేను కొంత పక్కకు జరిగాను, కాసేపు ఊగాను, చివరికి నిలిచాను. "చూపిస్తందిలే సారూ. కాస్త ఆలోచించుకుని చెబుతంది, అంతే" అన్నాడాయన.

చంద్రుడి మట్టి కాల్చిన ఇటుకలతో ఆయన మొదటి ఇల్లు లేపిన రోజున నా మొన గడపను తాకిన చోట నా తలమీద చిన్న దెబ్బ వేశాడు. గడపలో గసగసాల గింజంత గుంట పడింది. సలోమి అందులో పసుపు అద్దింది. "ఇదమ్మా మీ ఇంటికి కింద. ఇక మీరు గాలిలో వేలాడుతున్నామని దిగులు పడమాకండి" అన్నాడు ఆ ఇంటివాళ్లతో. ఆ మాట ఎంత నచ్చిందో, ప్రతి ఇంటివాళ్లూ అడిగి మరీ చుక్క పెట్టించుకున్నారు. పసుపు అద్దేవారు పసుపు, అత్తరు అద్దేవారు అత్తరు, సిలువ గీసుకునేవారు సిలువ. తరవాత అది ఆచారమై కూర్చుంది. ఊళ్లో మొదటిసారి మట్టి పరచిన రోజును మట్టిపండగ అనేవారు. ఆ పండగకు నేను గడప గడపకూ వెళ్లి, ఏటికొక కొత్త చుక్క పెట్టి రావాలి.

ఆ మట్టిని తయారు చేయడం చూసినవాళ్లు మట్టిని ఇక తేలికగా తొక్కరు. చంద్రుడి ధూళి చచ్చిన ధూళి. అందులో వంటింటి తొక్కలూ ఊకా పేడా కలిపి, వానపాములను పసిపిల్లల్లా సాకి, దానికి ప్రాణం పోశారు. ఆ పనిలో సలోమి చేయి పెద్దది. యాకోబు కన్నుమూశాక ఆయనను ఆ మట్టిలోనే పడుకోబెట్టారు, అక్కడ అందరినీ అలాగే చేస్తారు. నేను సలోమి చేతికి వచ్చాను. ఆమెకు మడులవాడలో ఒక మడి ఇచ్చారు. వరి వేసింది, గట్టు మీద గోంగూర, మూలకు మునగచెట్టు. ఆ మడిలో మొదటి కప్ప బెకబెకలాడిన సాయంత్రం వాడ వాడంతా గట్ల మీద కూర్చుని కచేరీ విన్నట్టు విన్నది. మనుషులు బతకడానికి తగిన పచ్చదనం భూమి దాటి కూడా మొలుస్తుందని నేను ఆరోజే నమ్మాను. ఈనాటికీ నమ్ముతున్నాను.

కంకణానికి నాలుగు వాడలు. మడులవాడలో నిలబడి తలెత్తితే చుక్కలు కాదు, నడినెత్తిన పూలవాడ కనిపిస్తుంది. అధికారులూ అతిథులూ ఉండేది అక్కడ. ఈ రెంటికీ నడుమ ఒక పక్కన కొలిమివాడ, మరో పక్కన బడివాడ. నాలుగు వాడలనూ చుట్టివచ్చే కాలువ ఒక్కటే. మొదట్లో మట్టి నాలుగు వాడలకూ సమానంగా పంచాలన్నది కట్టుబాటు. తిరిగే చక్రంలో ఒకవైపు బరువు పెరగకూడదని చంటిపిల్లలకు కూడా చెప్పేవారు. కాని పూలవాడవారికి ఆ రంగుల బొమ్మలోని గుట్ట గుర్తుకు వచ్చింది. కొత్తగా తయారైన నల్లమట్టిని ఏటేటా కొంత తీసుకుపోయి గుట్ట వేశారు. దానిమీద పచ్చిక, పచ్చిక మీద జలపాతం. అడిగితే అది తాత్కాలిక నిల్వ అన్నారు. తాత్కాలికమైనదాన్ని తూకంలోకి తీసుకోరట. చక్రం తిరుగుడులో తేడా చూపించే యంత్రాలు లేకపోలేదు. వాటి ముల్లు ఏటా కొద్దిగా జరిగేది. యంత్రం పాతబడిందని ఏటా దాన్ని సున్నాకు దిద్దేవారు.

గుట్ట పెరిగినకొద్దీ సలోమి మడిలో నీళ్లు నిలవసాగాయి. తూము మూసినా గట్టు పొర్లేది. వరి వేళ్లు కుళ్లాయి, మునగచెట్టు పడిపోయింది. వరసగా పంటలు పోయాక నీటిసంఘం వచ్చి మడిని చూసింది. సంఘానికి పెద్ద దమయంతిగారు. పూలవాడ మనిషే అయినా లంచం తాకని చేయి, మాట తప్పని నోరు. తన సొంత అన్నకు కూడా వంతు తప్పితే నీళ్లు ఇవ్వని మనిషి. ఆ నిజాయితీయే ఆనాడు సలోమికి గండమైంది.

"వంతు లేనప్పుడు తూము ఎత్తారన్నది మీ మీద ఆరోపణ సలోమిగారూ. నీరు దానంతట అది రాదు కదా."

"నేను ఎత్తలేదు మేడం. మూసిన తూము మూసినట్టే ఉంది. నీళ్లే వస్తన్నాయి."

"నీళ్లు కావాలని మీ మడినే ఎంచుకున్నాయంటారా?"

"నన్నడిగితే ఏం చెప్పను? వాటినే అడగండి."

గట్టు మీదివాళ్లు కొందరు నవ్వారు. దమయంతిగారు నవ్వలేదు. నేల పాడుచేసినవారి మడిని సంఘం వెనక్కి తీసుకోవాలి, అది నిబంధన. మట్టిపండగ దాటాక నిర్ణయం చెబుతామన్నారు. సలోమి ఒంగి మడిలోని మట్టిని గుప్పిట్లోకి తీసుకుంది. తండ్రి పడుకున్న మట్టి అది, తన చేతులతో ప్రాణం పోసిన మట్టి. మడి పోతే ఆమెకు మిగిలేది పూలవాడలో గుట్టమీది పచ్చిక కత్తిరించే పని. ఆ బొమ్మలో అప్పటికైనా గడ్డి కోసేవాళ్లకు చోటు దొరికి ఉండేది.

మట్టిపండగ వచ్చింది. అంత దిగులులోనూ ఆమె నన్ను చింతపండుతో తోమి, కొత్త దారం కట్టి బయలుదేరింది. కొలిమివాడలో మొదటి గడప కమ్మరి పుల్లయ్యది.

"ఏందమ్మాయ్, మీ నాయన చెయ్యి నీకు రాలేదే. ఏటేటా చుక్క పక్కకి జరుపుతున్నావ్. చూడు నా గడప, చీమల బారు పోయినట్టుంది."

సలోమి ఒంగి చూసింది. నిజమే. పాత చుక్క పక్కన మరొకటి, దాని పక్కన ఇంకొకటి.

"నా చెయ్యేం వణకట్లేదు బాబాయ్."

"వణికితే తప్పా? వయసు మీద పడతంది. కళ్లద్దాలు పెట్టుకో."

"వణికే చెయ్యైతే అటూ పడుద్ది, ఇటూ పడుద్ది. ఇది ఒకే పక్కకి పోతందిగా?"

"పోతే పోనీలే. ముగ్గులాగా బానే ఉంది."

ముగ్గులాగా ఉందని ఊరంతా అనుకుంది. ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఈ ఏటి చుక్కే సరైనదనీ, నిరుటిది పొరపాటనీ అందరూ ఏటా అనుకునేవారు. తాము ఒరిగిపోయామని తెలుసుకోవడం కన్నా నిరుటి చుక్కను తప్పుపట్టడం సులువు. యంత్రం ముల్లును దిద్దినవారికీ గడప మీద పసుపు అద్దినవారికీ చదువులో ఎంత తేడా ఉన్నా, ఈ విషయంలో ఇద్దరూ ఒకే బడిలో చదివారు.

సలోమి కొలిమివాడలో ఇంటింటికీ వెళ్లింది. ప్రతి గడపలోనూ బారు ఎడమకే నడిచింది. ఊరిని చుట్టి బడివాడకు పోయింది. అక్కడ ప్రతి గడపలోనూ బారు కుడికి నడిచింది. ఒక పంతులుగారి గడప ముందు ఆమె నేలమీదనే కూలబడి, ఎడమ ఎటో కుడి ఎటో చేతులు చాపి చూసుకుంది. రెండు వాడల చీమలూ నడుస్తున్నది ఒకే చోటికి. అవి తన మడి వైపు నడుస్తున్నాయి. పూలవాడకు వెన్ను చూపి నడుస్తున్నాయి. ఒక పక్క బరువెక్కితే చక్రం తిరిగే నడిమధ్య అటు జరుగుతుంది, దానికి ఎదురు పక్క పల్లమవుతుంది.

"గుండు ఎటు వాలితే నీళ్లు అటే" అంది సలోమి. ఆ మాట నేను మళ్లీ విన్నది యాకోబు పోయాక ఆరోజే.

మర్నాడు ఆమె నన్ను తీసుకుని నేరుగా దమయంతిగారి ఇంటికి వెళ్లింది. విషయం విని దమయంతిగారు తన గడప చూపించారు. అక్కడ ఏటేటా పెట్టిన చుక్కలన్నీ ఒకే గుంటలో పడ్డాయి.

"చూశారుగా. నా గడపలో వెంట్రుకవాసి తేడా లేదు. ఊరు ఒరిగితే నా ఇల్లు ఒరగదా?"

"నా గడపలోనూ కదల్లేదు మేడం. మీరు బరువు పెట్టినోళ్లు, నేను దానికి సరిగ్గా ఎదురు ఉన్నదాన్ని. మన ఇద్దరికీ కనపడదు. మధ్యనోళ్ల గడపలు చూద్దాం రండి."

"నేను బరువు పెట్టానా?"

"మీ గుట్ట పెట్టింది. మీరు దానిమీద నడిచారు."

దమయంతిగారి ముఖం ఎర్రబడింది. తలుపు వేసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. ఆమె చెప్పులు వేసుకున్నారు. నేను ఆమెను గౌరవించేది అందుకే.

కొలిమివాడలో పుల్లయ్య ఇంటి పైకమ్మి నుంచి నన్ను దించారు. తరవాత బడివాడలో పంతులుగారి ఇంట దించారు. ఈసారి దారం పట్టుకున్నది దమయంతిగారే. రెండుచోట్లా ఆమె చేయి ఎక్కడా వణకలేదు. రెండుచోట్లా నా మొన బారుకు చిట్టచివరి చుక్క మీదనే నిలిచింది. దారిన పోయేవాళ్లు ఆగారు. తమ తమ గడపలు చూసుకోవడానికి కొందరు ఇళ్లకు పరుగెత్తారు. దమయంతిగారు వంగి ఆ చివరి చుక్కను వేలితో తడిమారు.

"ఆ గుట్టమీద నా మనవరాళ్లు ఆడుకుంటారు" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు.

పుల్లయ్య అక్కడిదాకా వెంటవచ్చాడు. "ఆడుకోనీయండమ్మా. గుట్టను కాస్త నాలుగు వాడలకీ పంచితే నాలుగు చోట్లా ఆడుకుంటారు" అన్నాడు.

నిర్ణయం సలోమి మడి గట్టు మీదనే చెప్పారు. సలోమి తప్పు చేయలేదని, సంఘం తప్పు చేసిందని దమయంతిగారు నిలబడి చదివారు. పూలవాడలో కొందరు గొడవపడ్డారు. జలపాతం లేకపోతే అతిథులు రారన్నారు. "రాకపోతే కాలువ చూసుకుందాం, అదీ నీళ్లే" అన్నారు ఆమె. గుట్టను తట్టలతో దించారు. మొదటి తట్ట దమయంతిగారే ఎత్తారు గాని, రెండో తట్టకే నడుము పట్టేసింది. నవ్వినవాళ్లలో సలోమి కూడా ఉంది. ఒక పంటకాలం గడిచేసరికి మడిలో నీళ్లు దిగాయి. గట్టు మీద గోంగూర మళ్లీ చిగిర్చింది. అలిగి పోయిన కప్పలు తిరిగి వచ్చాయి. ఏటేటి మట్టిపండగకూ నా మొన ఒక్కొక్క పాత చుక్కను వెతుక్కుంటూ వెనక్కి నడిచింది.

ఇంత జరిగాక మనుషులు ఊరుకోరు, సన్మానం చేస్తారు. నన్ను పూలవాడ సభామందిరంలో గాజుపెట్టెలో వేలాడదీయాలని తీర్మానించారు. గుట్ట మళ్లీ లేచినా, దమయంతిగారి గడపలో లాగే ఆ మందిరంలో నేను కదలను. ఊరంతా ఒరిగిపోయినా అక్కడ నేను నిటారుగా నిలిచి, అంతా బాగుందని చెబుతూనే ఉంటాను. సలోమికి ఇది ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"అక్కడొద్దు మేడం. పుల్లయ్య బాబాయ్ కొలిమి గుమ్మానికి కట్టండి."

"అక్కడ అందరి తలలకూ తగులుతుంది కదా."

"తగలనీయండి."

ఇప్పుడు నేను ఉండేది అక్కడే. గాజు లేదు, పేరుపలక లేదు. కొలిమి పొగకు నల్లబడ్డాను. తలకు తగిలినవాళ్లు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకుని తల రుద్దుకుంటూ, గడప దాటబోతూ ఒకసారి కిందికి చూస్తారు. నా మొనకు సూటిగా కింద యాకోబు పెట్టిన మొదటి చుక్క ఉందా, లేదా అని. పిల్లలు కూడా చూస్తారు. మొన్న ఒక పూలవాడ పిల్ల, దమయంతిగారి మనవరాలు, తల తగిలించుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటూనే వంగి చూసింది. చూసి, "సరిగానే ఉంది" అని లోపలికి కేకవేసి చెప్పి, గడప దాటింది.