రెండొడ్ల రంగు

అక్షరదోషాలుంటే మన్నించండి. మా ఆయన పోయాక, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్న రాత ఇది. నెమ్మదిగా నడుస్తుంది.

నా పడుచు రోజుల మాట. రంగుల్లో కలిపే తుమ్మబంక వాసన.

తడిసిన కాగితం వాసన. కిటికీ అవతల వియన్నా మీద మంచు... మెత్తగా, తీరిగ్గా.

యుద్ధం అయిపోయింది. ఇరవై ఏళ్ళ యుద్ధం. గెలిచిన రాజులంతా ఊళ్ళో దిగారు. పగలు దేశాలు పంచుకుంటారు, సాయంత్రం నాట్యాలు చేస్తారు. మర్నాటికి పంపకం మారుతుంది.

మారినప్పుడల్లా కొత్త దేశపటాలు, రంగులద్దడానికి, మా యజమాని ష్వైగర్ గారి రంగుల గదికి వస్తాయి.

పొడవాటి బల్ల. ఆరుగురు ఆడవాళ్ళు. మనిషికొక రంగు.

ఒకరి కుంచె ఇంకొకరు ముట్టరు.

పసుపు వాల్‌బుర్గాది, అంటే మా చక్రవర్తిది. గులాబీ అపొలోనియాది, అంటే పడమటి రాజుది. నీలం నాది. నదులకి రాజుల్లేరు కనుక నాకు తగాదాల్లేవు.

ఎవరికెంత దక్కిందో ఊరికన్నా ముందు మాకే తెలిసేది. అపొలోనియా చెయ్యి నొక్కుకుంటోందంటే పడమటి రాజు గెలిచినట్టు. ఆకుపచ్చ ఆవిడ కునుకుతోందంటే, పాపం, ఆ రాజుకి ఏమీ దక్కనట్టు.

మాలో ఎవరికీ చదువు లేదు. పటం మీద పేర్లు మాకు చీమల బారులే. ఊళ్ళని నదుల వంపులతో గుర్తుపట్టేవాళ్ళం.

వాల్‌బుర్గాకి ఒక వంపు బాగా తెలుసు.

నది కొడవలిలా తిరిగే చోటు. ఈ ఒడ్డున ఆమె పుట్టిన ఊరు. ఆ ఒడ్డున చెల్లెలు జెంజీ మెట్టిన ఊరు. మధ్య ఒక పడవ. ఈస్టర్‌కి జెంజీకి నెలలు నిండుతాయి. ఆ పడవెక్కి వెళ్ళి తనే పురుడు పోయాలని వాల్‌బుర్గా ఆశ. నది మీద సరిహద్దు గీత పడితే... కాపలావాళ్ళు, అనుమతి కాగితాలు, ఎవరు నువ్వనే ప్రశ్న.

సోమవారం రెండొడ్లూ పసుపు.

బుధవారం రెండొడ్లూ గులాబీ.

ఏదైనా ఆమెకి ఇష్టమే. ఒకటే రంగైతే చాలు.

గురువారం భోజనాల దగ్గర, గోధుమ ఉండలు నమలుతూ అపొలోనియా బేరం పెట్టింది. "ఏమే పసుపూ, మీ చెల్లెల్ని మా రాజుగారికి ఇచ్చెయ్యి. బదులుగా రెండు కొండలూ ఒక సరస్సూ ఇస్తా."

"దాని వంట తిన్నాడంటే మీ రాజు మళ్ళీ యుద్ధానికొస్తాడక్కా."

ఆరుగురం పొట్ట పట్టుకుని నవ్వాం.

శుక్రవారం కొత్త పటం వచ్చింది.

గీత సరిగ్గా నది మీదే పడింది. ఈ ఒడ్డు పసుపు. ఆ ఒడ్డు గులాబీ.

వాల్‌బుర్గా కుంచె తీసింది. తన ఒడ్డున పసుపు వేసింది. ఒక రంగు పూర్తిగా ఆరాకే పక్క రంగు వెయ్యాలి. అది మా పనిలో మొదటి పాఠం.

అపొలోనియా కుంచె ముంచింది. ఆగింది. ఎన్నేళ్ళుగానో ఎవరినీ ముట్టనివ్వని ఆ కుంచెని బల్ల మీదుగా చాపింది.

"మీ చెల్లెలి ఊరు కదే. నువ్వే వెయ్యి."

వాల్‌బుర్గా అందుకుంది. పసుపు ఇంకా తడిగానే ఉంది. ఆమెకి తెలుసు. మా అందరికీ తెలుసు.

గులాబీ మెల్లగా పరుచుకుంది. నది దాకా వచ్చింది. నా నీలం దాటింది. కొడవలి వంపు దగ్గర పసుపుని కలుసుకుంది.

సాయంత్రపు మబ్బు రంగు ఒకటి పుట్టింది. ఏ రాజుకీ లేని రంగు.

ష్వైగర్ గారు వచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు. వంగి చూశారు.

"ఇది ఎవరి రంగు?"

ఆరు తలలూ పని మీదకి వంగాయి. చివరికి అపొలోనియా అంది, "ఆ పంపకం ఇంకా తెగినట్టు లేదండి, అయ్యగారూ."

బయట పటం కోసం వచ్చిన రాజదూతగారి గుర్రబ్బండి కాచుకుని ఉంది. మళ్ళీ వెయ్యాలంటే పూట పడుతుంది. ఆయన తలుపు వైపు చూశారు. పటం వైపు చూశారు. మీసం కదిలింది — నవ్వో, విసుగో.

తడి పటాన్ని రొట్టెల పళ్ళెంలా రెండు చేతుల మీదా ఎత్తుకుని మంచులోకి నడిచారు.

మేం ఐదుగురం కిటికీ దగ్గరికి పరుగెత్తాం.

వాల్‌బుర్గా లేవలేదు. చేతికొక కుంచె పట్టుకుని కూర్చుంది... ముందు ఏది కడగాలో తేలక, తనలో తాను నవ్వుకుంటూ.

— కొర్డులా హైండ్ల్, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు క్రెమ్స్‌లో, పెద్ద కూతురి ఇంట్లో ఉంటున్నాను.